భౌతికశాస్త్ర డిగ్రీలో పరిశోధనా రచనకు, ప్రసంగానికి ప్రత్యేక కోర్సు అవసరమా?

లోలకం:

మా విభాగంలో డిగ్రీ చివరి సంవత్సరపు సిలబస్‌ను సవరిస్తున్నారు. ఒక ఐచ్ఛిక కోర్సును తీసివేసి, పరిశోధనా వ్యాసరచన, సెమినార్ ప్రసంగం, ఉద్యోగ సన్నాహం కలిపిన తప్పనిసరి కోర్సును దాని స్థానంలో పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. భౌతికశాస్త్రం ప్రధానాంశంగా చదివిన విద్యార్థి తాను స్వయంగా చేసిన కొలతను కూడా మరొకరికి అర్థమయ్యేలా రెండు పేజీల్లో రాయలేకపోతున్నాడన్న ఫిర్యాదు నిజమే కనుక, ఏదో ఒకటి చేయాలనడంలో నాకు భేదాభిప్రాయం లేదు. ప్రత్యేక కోర్సు ఆ పని చేస్తుందన్న నమ్మకంతోనే నా పేచీ.

ఆ కోర్సులో విద్యార్థి దేని గురించి రాస్తాడు? చేతిలో తనదైన దత్తాంశం లేకపోతే ఎవరో ప్రచురించిన వ్యాసాన్ని కుదించి రాస్తాడు, లేదా ఎన్నడో చేసిన ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకొని రాస్తాడు. అలా రాస్తూ వాక్యనిర్మాణం నేర్చుకోవచ్చు గానీ, ఏ రీడింగును నమ్మాలి, దేనిని పక్కన పెట్టాలి, పక్కన పెడితే ఆ సంగతి ఎక్కడ చెప్పాలి అన్న నిర్ణయాలు తీసుకోవలసిన సమయం అప్పటికే దాటిపోయి ఉంటుంది. అమెరికాలోని భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం 2014లో డిగ్రీ ప్రయోగశాలల కోసం చేసిన సిఫారసుల్లో నమూనాల నిర్మాణం, ప్రయోగ రూపకల్పన, దత్తాంశ విశ్లేషణ వంటి ఆరు అంశాలున్నాయి. భౌతికశాస్త్రాన్ని ఇతరులకు తెలియజెప్పడం వాటిలో ఒకటి. నా వాదన కూడా అదే. కొత్త కోర్సు వద్దు, ఉన్న ప్రాక్టికల్స్‌ను మార్చండి.

వర్ణపటం:

లోలకం గారూ, మీరు చెబుతున్న ప్రయోగశాల సిఫారసుల్లోనే ఉంది. విద్యార్థుల రికార్డులు తెరిచి చూడండి. ఉద్దేశం, పరికరాలు, సూత్రం, పట్టిక, ఫలితం, చివర జాగ్రత్తలు ఉంటాయి. పట్టికలోని అంకెలు తప్ప మిగిలినదంతా ముందటి బ్యాచ్ రికార్డు చూసి ఎక్కించిందే, ఒక్కోసారి ఆ అంకెలు కూడా. ఫలితం పాఠ్యపుస్తకంలోని విలువకు దగ్గరగా ఉందా అని చూసి అధ్యాపకుడు సంతకం పెడతాడు. రచనను అన్ని కోర్సుల్లోనూ నేర్పండి అని తీర్మానిస్తే ఏ కోర్సులోనూ నేర్పరు, ఎందుకంటే దానికి ప్రత్యేకంగా మార్కులూ ఉండవు, బాధ్యులూ ఉండరు. ప్రత్యేక కోర్సుకు టైమ్‌టేబుల్‌లో గంటలుంటాయి, జవాబుదారీగా ఒక మనిషి ఉంటాడు. ఆదర్శం కాకపోయినా జరిగే పని అది.

ఉద్యోగాల సంగతి మీరు ముట్టుకోనేలేదు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ, మీరు ప్రస్తావించిన అధ్యాపకుల సంఘమే కలిసి 2016లో ఫిజ్21 అనే నివేదికను వెలువరించాయి. అక్కడ భౌతికశాస్త్రంలో డిగ్రీ పొందినవారిలో చివరికి భౌతికశాస్త్ర ప్రొఫెసర్లయ్యేది సుమారు 5 శాతమేనని అందులో ఉంది. మిగిలినవారు సాఫ్ట్‌వేర్, పరికరాల తయారీ, వైద్య సాంకేతికత, బడి బోధన, ఆర్థిక సంస్థలు ఇలా పలు దారుల్లో వెళతారు. ప్రొఫెసర్లు తమలాంటివారిని తయారు చేయడానికే సిలబస్ రాసుకుంటే ఈ మిగిలినవారి గతి ఏమిటి? రెజ్యూమే రాయడం, ఇంటర్వ్యూలో తన ప్రాజెక్టును భౌతికశాస్త్రం తెలియని మనిషికి వివరించడం ఏ ప్రాక్టికల్ క్లాసులో నేర్పుతారు?

హామిల్టోనియన్:

మీరిద్దరూ ఐచ్ఛిక కోర్సు పోయినా పరవాలేదన్న ధోరణిలోనే మాట్లాడుతున్నారు. అది గణాంక యాంత్రికశాస్త్రమో, ఘనపదార్థ భౌతికశాస్త్రమో అయితే దాన్ని తరువాత ఎవరు నేర్పుతారు? స్లైడ్లు చేయడం ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, గణాంక యాంత్రికశాస్త్రానికి కీలకమైన విభజన ప్రమేయాన్ని (పార్టిషన్ ఫంక్షన్) ఇరవై రెండేళ్లు దాటాక ఒంటరిగా కూర్చొని నేర్చుకునేవారు అరుదు. నా అనుభవంలో విషయం స్పష్టంగా అర్థమైన విద్యార్థి స్పష్టంగానే రాస్తాడు, అస్పష్టంగా రాసేవాడిని నాలుగు ప్రశ్నలు అడిగితే అసలు లోటు భాషలో లేదని తేలిపోతుంది. పరిశోధనలోకి వెళ్లేవారికి ఎలాగూ గైడ్ ఉంటాడు. మీరు భౌతికశాస్త్రం నేర్పండి చాలు.

దోషపట్టీ:

హామిల్టోనియన్ గారూ, అస్పష్టమైన రచన వెనుక అస్పష్టమైన అవగాహన ఉంటుందన్న మీ మాట సరైనదే. కానీ దాని నుంచి మీరు చేరుకున్న నిర్ధారణ తలకిందులుగా ఉంది. ఆ లోటు బయటపడింది రాయించినప్పుడే కదా! లెక్క కట్టి జవాబు రాబట్టిన విద్యార్థికి తనకు ఏది అర్థం కాలేదో తెలియదు, పేరా రాయడానికి కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

ఒక ప్రసిద్ధ ఉదాహరణ చెబుతాను. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య వికిరణాన్ని, అంటే మహావిస్ఫోటం నుంచి మిగిలి విశ్వమంతా నిండి ఉన్న మందమైన వికిరణాన్ని, ప్రకటించిన శాస్త్రవేత్తలు పెంజియస్, విల్సన్‌ల 1965 నాటి లేఖ (జర్నల్‌లో అచ్చయ్యే చిన్న వ్యాసం) చాలా చిన్నది. దాని శీర్షికలో విశ్వం మాటే లేదు. 4080 మెగాసైకిళ్ల పౌనఃపున్యం వద్ద యాంటెన్నా ఉష్ణోగ్రతలో (అందిన రేడియో సంకేతపు బలాన్ని ఉష్ణోగ్రతగా చెప్పే కొలతలో) కనిపించిన అదనాన్ని కొలిచామని మాత్రమే ఉంది. లోపల లెక్క కూడా అంతే నిరాడంబరంగా సాగుతుంది. నడినెత్తి వైపు చూసినప్పుడు కొలిచిన మొత్తం 6.7 కెల్విన్. అందులో వాతావరణం వల్ల వచ్చేది 2.3, యాంటెన్నాలోని నష్టాల వల్ల, వెనుక వైపు నుంచి గ్రహించే వికిరణం వల్ల వచ్చేది 0.9. మిగిలిన 3.5 కెల్విన్‌కు, 1 కెల్విన్ అటూ ఇటూ అనిశ్చితితో, కారణం దొరకలేదు. సాధ్యమైన వివరణ అదే సంచికలో డికీ బృందం రాసిన లేఖలో ఉందని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు. 1978లో నోబెల్ బహుమతి తెచ్చిన పని ఇది. ఈ లేఖను విద్యార్థుల చేతికిచ్చి, 2.3 అన్న అంకెను తీసివేస్తే వాదన ఎక్కడ కూలుతుందో చెప్పమనండి. కొలిచిందేదో, లెక్కగట్టిందేదో, ఊహించిందేదో విడదీసి చెప్పడమే ఇక్కడ రచన, అదే భౌతికశాస్త్రం కూడాను.

అందువల్ల నేను లోలకం గారి పక్షమే గానీ, వర్ణపటం గారు ఎత్తిచూపిన రికార్డు జబ్బుకు మందు వేయకుండా ఆ పక్షం నిలబడదు. నేను పని చేసిన చోట ఫలించిన పద్ధతి ఇది. సెమిస్టరులో ప్రయోగాల సంఖ్యను సగానికి తగ్గించాము. ప్రతి ప్రయోగానికీ మొదట గ్రాఫును, దాని కింద నాలుగు వాక్యాల వివరణను మాత్రమే అడిగాము; అక్షాలు, ప్రమాణాలు, దోషపట్టీలు (ప్రతి బిందువు వద్ద అనిశ్చితిని చూపే గీతలు), గ్రాఫు ఏం చెబుతోందన్నది ఆ నాలుగు వాక్యాల్లోనే రావాలి. తరువాత మొదటి చిత్తుప్రతి. దాన్ని వేరే ప్రయోగం చేసిన జట్టు చదివి ప్రశ్నలు రాస్తుంది. రచయితలు వ్యాసాన్ని సవరించి, ఏ ప్రశ్నకు ఏం మార్చారో, ఏది మార్చలేదో, ఎందుకు మార్చలేదో ఒక జవాబు లేఖగా రాసి జతపరుస్తారు. జర్నల్‌లో సమీక్షకుడికి రాసే జవాబు సరిగ్గా ఇదే. సమీక్షకుడు తప్పుగా అర్థం చేసుకున్నా, ఆ అపార్థానికి చోటిచ్చిన వాక్యం తమదేనని విద్యార్థులు గ్రహించేది ఈ లేఖ రాస్తున్నప్పుడే.

ప్రసంగానికి అమెరికన్ ఫిజికల్ సొసైటీ సమావేశాల కొలతనే తీసుకున్నాము: 10 నిమిషాలు మాట్లాడడం, 2 నిమిషాలు ప్రశ్నలు. ఆ పది నిమిషాల్లో ఉత్పాదన (సూత్రాన్ని మెట్టుమెట్టుగా రాబట్టడం, డెరివేషన్) మొత్తం పలక మీద రాయడం కుదరదు కనుక, ఏది వదిలేయాలో తేల్చుకోక తప్పదు. అది చాలామందికి ఇంటిగ్రల్ కంటే కష్టం.

వర్ణపటం:

దోషపట్టీ గారూ, పద్ధతి బాగుంది. చదివేదెవరు? అరవై మంది విద్యార్థులు, జట్టుకు ఇద్దరు, ఒక్కొక్క జట్టుకు రెండు ప్రతులు, ఒక జవాబు లేఖ. ప్రయోగానికి తొంభై పత్రాలు ఒక్క అధ్యాపకుడి బల్ల మీద పడతాయి. సంతకం పెట్టే అలవాటు అక్కడే పుట్టింది.

దోషపట్టీ:

మొదటి ప్రతిని అధ్యాపకుడు చదవనక్కరలేదు, తోటి జట్టు చదువుతుంది. అధ్యాపకుడు చదివేది రెండో ప్రతిని, జవాబు లేఖను మాత్రమే. నిజానికి లేఖ ముందు చదివితే వ్యాసంలో ఎక్కడ చూడాలో తెలిసిపోతుంది. ప్రయోగాల సంఖ్య తగ్గించమన్నది కూడా అందుకే. అయినా భారం పెరుగుతుంది, దాన్ని దాచను.

నిర్వాత గది:

పరికరాల తయారీ సంస్థలో పనిచేస్తున్నాను, కొత్తవారిని ఎంపిక చేసే బల్లకు అవతలి వైపు కూర్చుంటాను. మీ చర్చలో ఉద్యోగ రచనను రెజ్యూమేకు కుదించేశారు. మా దగ్గర మొదటి ఏడాది కుర్రవాడు రాసేవి పరీక్షా నివేదికలు, పరికరం వాడే విధానాలు, తేడా కనిపించినప్పుడు పంపే నోటు. 1999లో మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నాసా అంగారక నౌక నష్టపోయింది, భూమి మీద ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకటి న్యూటన్-సెకన్లలో ఇవ్వవలసిన విలువలను పౌండు బలం-సెకన్లలో ఇవ్వడం వల్ల. ఏ ప్రమాణం వాడాలో పత్రంలో రాసే ఉంది. జట్ల మధ్య సమాచారం సరిగా అందకపోవడాన్ని కూడా దర్యాప్తు బృందం దోహదం చేసిన కారణాల్లో చేర్చింది. ఇటువంటి నోటు రాయడానికి కావలసింది దోషపట్టీ గారు చెప్పిన శిక్షణే, వేరే కళ ఏమీ కాదు.

రెజ్యూమే సంగతికొస్తే, ‘ఆప్టిక్స్‌లో ప్రాజెక్టు చేశాను’ అన్న వాక్యం నాకేమీ చెప్పదు. ‘ఫోటోడయోడ్‌తో కాంతి తీవ్రతను కొలిచి, నేపథ్య కాంతిని తీసివేసి, పైథాన్‌లో వక్రరేఖను సరిపోల్చి, అనిశ్చితిని అంచనా వేశాను’ అంటే ఆ వ్యక్తిని పిలుస్తాను. అయితే ఇలా రాయవచ్చని విద్యార్థికి ఎవరో ఒకరు చెప్పాలి. అందుకు సెమిస్టర్ అంతా అక్కరలేదు. విభాగం నుంచి బయటికి వెళ్లి రకరకాల పనుల్లో ఉన్న పాత విద్యార్థులను పిలిచి రెండు మూడు మధ్యాహ్నాలు మాట్లాడించినా సరిపోతుంది.

హామిల్టోనియన్:

ప్రయోగాల సంఖ్య తగ్గించడం నాకు సమ్మతమే, నా కోర్సు జోలికి రానంతవరకు. అయితే సిద్ధాంతం వైపు వెళ్లేవారికి దత్తాంశం ఉండదు. వాళ్ల రచన సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఒక ఉత్పాదనలో ఏ ఉజ్జాయింపు ఎందుకు చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఒక పేజీలో రాయమని నేను హోంవర్కులో అడగగలను. ఆ మాత్రం చేస్తాను.

లోలకం:

అయితే విభాగానికి ఇలా రాసి పంపుతున్నాను. ఐచ్ఛిక కోర్సు ఉంటుంది. రెండో సంవత్సరం నుంచి ప్రాక్టికల్స్‌లో ప్రయోగాలు తగ్గుతాయి, మిగిలిన ప్రతి ప్రయోగానికీ రెండు ప్రతులు, ఒక జవాబు లేఖ ఉంటాయి. చివరి సంవత్సరంలో ఒక్కొక్కరూ ఒక ప్రసంగం ఇస్తారు. ఉద్యోగ సన్నాహం క్రెడిట్లు లేని సమావేశాలుగా సాగుతుంది. హామిల్టోనియన్ గారి పేజీ సిద్ధాంత కోర్సుల్లో చేరుతుంది. వర్ణపటం గారూ, దీనికి మీరు ఓటు వేస్తారా?

వర్ణపటం:

ప్రాక్టికల్స్ మార్కుల్లో సగం రెండో ప్రతికి, జవాబు లేఖకు అని సిలబస్‌లోనే అచ్చువేస్తే వేస్తాను. అధ్యాపకుల విచక్షణకు వదిలేస్తామంటే మాత్రం నా ఓటు ప్రత్యేక కోర్సుకే.