ఒట్లే డబ్బుగా చెలామణి అయ్యే లోకం: చిల్లర, గడువు, చావు లెక్కలు ఎలా కుదర్చాలి?

కొత్తకలం:
నేను రాస్తున్న ఫాంటసీ నవలలో నాణేలు లేవు. తాటాకు ముక్క చేత్తో పట్టుకుని మాట ఇస్తే ఆ మాట ఆకులోకి దిగుతుంది. దాన్ని ఒట్టాకు అంటారు. ఆకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు 'ఇక చెల్లించు' అని పిలవొచ్చు, ఇచ్చినవాడు ఎంత దూరంలో ఉన్నా ఆ పిలుపు వినిపిస్తుంది. మాట తప్పితే చనిపోతాడు. ఇప్పటివరకు రాసిన ఒట్లలో చాలావరకు పనికి సంబంధించినవే: ఒక రోజు దున్నుతాను, ఒక రాత్రి కాపలా కాస్తాను.

ఇరుక్కున్న చోట్లు ఇవి. అంగట్లో చిల్లర ఎలా ఇస్తారు? ఇచ్చినవాడు మామూలుగానే చనిపోతే ఆకు ఏమవుతుంది? ప్రతివాడూ లెక్కలేనన్ని ఆకులు ఎందుకు పుట్టించడు? ప్రతినాయకుడు పదివేల ఆకులు పోగేసి ఒక్కరోజులో సైన్యాన్ని లేపితే ఆపేదేమిటి? కథంతా ఒక రేవుపట్నంలో జరుగుతుంది.

పాతబాకీ:
అన్నిటికంటే ముందు ఆ చావు శిక్ష తీసేయండి. ఇచ్చినవాడు చస్తే ఆకు పట్టుకున్నవాడికి గింజ కూడా రాదు. శిక్ష పడిన ప్రతిసారీ కొంత డబ్బు లోకంలోంచి మాయమవుతుంది. మంత్రం ఎగ్గొట్టే బుద్ధిని ఆపగలదు గానీ చేతకానితనాన్ని ఆపలేదు. వానలు లేక పంట పోయిన రైతు ఎంత నిజాయితీపరుడైనా పుట్టి వడ్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు? అందుకే మీ పట్నంలో ఆకులు మార్చే షరాబు మనిషి గుణం చూడడు, వాడి గాదె చూస్తాడు. మీ ఆర్థికవ్యవస్థ మొత్తం ఈ ఒక్క విషయం మీద నిలబడుతుంది.

శిక్షకు బదులు, పిలుపు అందాక ఇచ్చినవాడి చేతులు ఆ ఒట్టు తీరేదాకా ఇంకో కొత్త ఆకును కట్టలేవు అని పెట్టండి. వాడు బతికే ఉంటాడు, సంపాదిస్తాడు, తీరుస్తాడు, కానీ అప్పటిదాకా వ్యాపారం చేయలేడు. ఎక్కువ ఆకులు పుట్టించకుండా ఆపేది కూడా ఇదే. మంత్రం ఒంటిని బలవంతంగా నడిపిస్తుందని మాత్రం పెట్టకండి. గాదెలో వడ్లు లేనివాణ్ణి అది పక్కింటి గాదె మీదికి తోలుతుంది, అప్పుడు ప్రతి ఎగవేతా ఒక దొంగతనమవుతుంది.

రెండోది, పని ఒట్లు డబ్బుగా పనికిరావు. బలమైనవాడి ఒక రోజు దున్నకం, ముసలాయన ఒక రోజు దున్నకం ఒకటి కావు. మన 1872 కాంట్రాక్టు చట్టం కూడా ఈ తేడా పట్టుకుంది. మనిషి పోతే మామూలు బాకీ వారసుల మీదికి, వాళ్లకు వచ్చిన ఆస్తి మేరకు వెళుతుంది. చిత్రకారుడు బొమ్మ గీస్తానని మాట ఇచ్చి చనిపోతే ఆ మాట మాత్రం అతనితోనే పోతుంది. మీ చావు ప్రశ్నకు జవాబు ఇదే: సరుకు ఒట్లు గాదెతోపాటు వారసుడికి దిగుతాయి, నైపుణ్యం ఒట్లు ఆ క్షణమే ఎండిపోతాయి. అప్పుడు పేరున్న వైద్యుడికి జబ్బు చేసిందని తెలియగానే అతని ఆకుల ధర ఆ పూటే పడిపోవాలి.

చెలామణికి ధాన్యం ఒట్లు పెట్టండి, చిల్లర సమస్య దానంతటదే తీరిపోతుంది. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, మానికకు 2 తవ్వలు, తవ్వకు 2 సోలలు. అంటే పుట్టికి 1280 సోలలు. ప్రాంతాన్ని బట్టి కొలపాత్ర మారేది కాబట్టి ఎవరి కుంచమో ఆకు మీద ఉండి తీరాలి. పుట్టి ఆకులు రైతులవి. కుంచం, మానిక ఆకులు పట్నంలోని పెద్ద గాదె తన పేరున పుట్టిస్తుంది. అంగట్లో తిరిగేవి ఈ చిన్నవే.

లెక్కలపుస్తకం:
ధర కట్టే పద్ధతి కూడా చూపించండి, పాఠకుడికి నమ్మకం కుదురుతుంది. ఎనిమిది నెలల తర్వాత చెల్లే పుట్టి ఆకును రైతు ఇవాళే అమ్ముకోవాలి. పట్నంలో వడ్డీ నూటికి నెలకు రెండు. ఎనిమిది నెలలకు నూటికి పదహారు. ఇరవై తూముల్ని 1.16తో భాగిస్తే 17 తూముల మీద దాదాపు ఒక కుంచం. కరువు భయం ఉంటే షరాబు ఇంకో తూము కోస్తాడు. దూరం కోత వేరే. అమెరికాలో 1863కి ముందు ఎక్కడో ఉన్న బ్యాంకు నోటును ముఖవిలువకు తీసుకునేవాళ్లు కారు. ఏ బ్యాంకు నోటుకు ఎంత కోత వేయాలో చెప్పే పట్టీలు అచ్చయ్యేవి. మీ రేవులో అలాంటి ధరల పలక ఒకటి వేలాడదీయండి. దాని మీద ఏ ఊరి ఆకు ధర తగ్గిందో చూసి, ఆ ఊళ్లో ఏదో జరిగిందని మీ పాత్రలు కబురు రాకముందే పసిగట్టగలరు.

మంత్రం లేకుండానే మాటలు డబ్బుగా నడుస్తాయా అని సందేహం ఉంటే, 1970లో మే నుంచి నవంబరు దాకా ఐర్లండులో పెద్ద బ్యాంకులు మూతపడ్డ సంగతి చూడండి. జనం చెక్కులు రాసుకుంటూ, ఒకరి చెక్కు ఇంకొకరికి ఇచ్చుకుంటూ గడిపేశారు. ఎవరి చెక్కు నమ్మొచ్చో పబ్బు యజమానులకూ దుకాణదారులకూ తెలుసు. అక్కడ పనిచేసింది ఊళ్లో ముఖపరిచయం. మీ పల్లెల్లో ఆకు పూర్తి విలువకు చెల్లడానికీ, రేవులో కోత పడడానికీ కారణం కూడా ఇదే పెట్టండి.

గాదె గురించి ఒక హెచ్చరిక. 300 పుట్ల నిల్వ మీద 1000 పుట్ల ఆకులు పుట్టించడం తప్పేమీ కాదు. 1024లో చైనాలోని సిచువాన్‌లో సాంగ్ ప్రభుత్వం కాగితం డబ్బు తీసినప్పుడు సుమారు పన్నెండున్నర లక్షల గువాన్‌ల (నాణేల దండల) నోట్లకు దాచిన నాణేలు మూడు లక్షల అరవై వేల గువాన్‌లే. కానీ ఒక పుకారు పుట్టి అందరూ ఒకే పొద్దున పిలిస్తే, పాతబాకీ గారు చెప్పిన నియమం ప్రకారం గాదె చేతులు కట్టుబడతాయి, చిల్లర ఆగిపోతుంది, అంగడి మూతపడుతుంది. కాబట్టి పిలుపుకూ చెల్లింపుకూ మధ్య మూడు రోజుల వెసులుబాటు ఉంచండి. ఫలానా తేదీకి చెల్లించాల్సిన బిల్లులకు మన 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ఇచ్చేదీ మూడు రోజులే. ఆ మూడు రోజుల్లో గాదె యజమాని చుట్టుపక్కల గాదెల చుట్టూ తిరగడం మీకు ఒక మంచి అధ్యాయం.

రేవుసరుకు:
రేవుపట్నం అన్నారు కాబట్టి షావుకార్ల హుండీలు, అంటే వాళ్లు రాసుకునే చెల్లింపు చీటీలు చూడండి, గుడి హుండీ కాదు. దర్శనీ హుండీ చూపగానే చెల్లుతుంది, ముద్దతీ గడువు తీరాక. జోఖమీ హుండీ ఓడలో సరుకు క్షేమంగా చేరితేనే చెల్లుతుంది, ఓడ మునిగితే ఒట్టు కూడా మునిగినట్టే. షాజోగ్ హుండీని పరువున్న షావుకారు ద్వారా తెస్తేనే చెల్లిస్తారు, దొంగ నేరుగా తెచ్చి సొమ్ము చేసుకోలేడు. పెద్ద ఆకులన్నీ షాజోగ్ పద్ధతిలో, చిన్నవి తెచ్చినవాడికే చెల్లేలా పెట్టండి.

ప్రతినాయకుడి సైన్యం కూడా ఇక్కడే ఆగుతుంది. కాపలా, కత్తి లాంటి ఒంటితో చేసే ఒట్లు ఎవరికి ఇస్తే వాళ్లకే, చేతులు మారితే ఆకు మూగబోతుంది. వాడు పదివేల ధాన్యం ఆకులు పోగేయగలడు, దానితో కరువు పుట్టించగలడు. నా లెక్కలో సైన్యం కంటే అదే భయంకరం.

కొత్తకలం:
చాలా తేటపడింది. ఆకు మీది మాట ఇలా రాశాను, లోపాలు చెప్పండి: 'ఈ ఆకు తెచ్చినవారు అడిగితే మూడో రోజు పొద్దు గూకేలోపు నా కళ్లంలో రేవు గాదె కుంచంతో కొలిచి వడ్లు ఒక తూము ఇస్తాను.' ఇంకొకటి, ఒట్టు తీసి గట్టున పెట్టడం మా లోకంలో నిజంగా జరుగుతుంది. అది ఎవరి చేతిలో ఉండాలి?

పాతబాకీ:
గట్టున పెట్టే హక్కు ఆకు పట్టుకున్నవాడిదే. ఇచ్చినవాడికి ఉంటే ఆ ఆకును ఎవడూ తాకడు.

మాటలో లోపాలు నాలుగు. ఏ వడ్లో లేదు, తాలు చెరగాలా అన్నదీ లేదు. రకం చెప్పకుండా వంద టన్నుల నూనె అమ్ముతానంటే ఆ ఒప్పందమే చెల్లదని మన చట్టం. మీ మంత్రం కూడా అలాంటి ఆకును కట్టకూడదు, లేకపోతే ఇచ్చినవాడు తాలు కొలిచి ఒట్టు తీరిందంటాడు. కొలత అంచుకు గీసి పోయాలా, కుప్పగా పోయాలా రాయండి. బలిచక్రవర్తి వామనుడి చిన్న పాదం చూసి మూడడుగులు ధారపోశాడు, కొలిచేసరికి ఆ పాదమే పెరిగింది, కొలపాత్ర సంగతి కూడా అంతే. చివరి గడువు లేదు. కైకేయి రెండు వరాలూ అలా ఏళ్ల తరబడి మురిగి ఉన్నవే, ఏం అడగాలో కూడా ఖాళీగా వదిలేసినవి. మన ప్రోనోటుకున్నట్టు మూడేళ్లు పెట్టండి.

నాలుగోది, సగం చెల్లింపు. రెండు కుంచాలే ఇవ్వగలిగితే ఆకు వెనక చెల్లు వేయాలి: తేదీ, ఎంత ఇచ్చాడు, ఇచ్చినవాడి వేలిముద్ర. మన నోట్ల మీద గడువులోపు చెల్లు వేస్తే ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. మీ ఆకుకు కూడా అలాగే ప్రాణం పొడిగించండి, కానీ చెల్లు ఇచ్చినవాడి చేత్తోనే పడాలి. పూర్తిగా చెల్లించాక ఆకు ఇచ్చినవాడి చేతికి తిరిగి రాగానే దానంతటదే చీలిపోవాలి. అది లేకపోతే చెల్లిన ఆకునే ఇంకొకడు మళ్లీ తెచ్చి పిలుస్తాడు.