ఏమీ జరగని ఏడాదికి కృతజ్ఞత కూడిక పెట్టుకోవచ్చా?

పాలకొల్లు_కోడలు:

అందరికీ వందనాలండి. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా ఆయన కౌలుకి వరి చేస్తారు, నేను ఇంటి దగ్గరే మిషన్ కుడతాను, ఇద్దరు పిల్లలు, అత్తగారు మాతోనే ఉంటారు.

మన ఇళ్ళల్లో కృతజ్ఞత కూడిక అంటే ముందు ఏదోటి జరగాలి కదండి. ఇల్లు కట్టుకుంటేనో, పిల్లకి ఉద్యోగం వస్తేనో, ఆపరేషన్ అయ్యి మనిషి క్షేమంగా ఇంటికొస్తేనో పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి నలుగురికీ భోజనం పెడతాం. మాకు ఈ ఏడాది అలాంటిదేమీ లేదండి. కొత్తగా వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. కానీ ఈస్టర్ ముందు వచ్చే ఈ శ్రమల దినాలు (లెంట్) మొదలైన దగ్గర్నుంచి నాకు ఏవేవో కనపడుతున్నాయి, అవి ఎవరికి చెప్పుకోవాలో తెలీట్లేదు. తెల్లారగట్ల అత్తగారు లేచి సన్నగా పాట పాడుకుంటా వాకిలి ఊడుస్తారు, ఆ పాట వినే నాకు మెలకువ వస్తది. దాళ్వా చేను, అదే రెండో పంట వరి, ఈనేసి గింజ గట్టిపడుతుంది, మా ఆయన సాయంత్రం గట్టు మీద నుంచి ఓ కంకి తెచ్చి అత్తగారి చేతిలో పెడితే ఆవిడ నోట్లో వేసుకుని కొరికి ఇంకో రెండు వారాలు ఆగాలిరా అంటారు. పెద్దాడు టెన్త్ పరీక్ష రాసి ఎండలో ఇంటికొచ్చి చెంబుడు మజ్జిగ తాగేసి ఏమీ మాట్లాడకుండా పడుకుంటాడు. చిన్నది మట్టల ఆదివారం ఊరేగింపుకి వెనకింటి వాళ్ళ ఈత చెట్టు నుంచి మట్టలు అప్పుడే అడిగేసి వచ్చింది. రాత్రి కరెంటు పోతే అందరం డాబా ఎక్కి అక్కడే ప్రార్థన చేసుకుని అక్కడే పడుకుంటన్నాం, ఇంతేనండి. మొన్న అన్నం వడ్డిస్తా అందరి మొహాలూ చూశాను, నలుగురూ ఉన్నారు, నలుగురూ తింటున్నారు, నాకు కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు.

దీనికి కూడిక పెడదాం అన్నాను. మా ఆయన ఏం జరిగిందని పిలుస్తామే, వచ్చినోళ్ళు అడిగితే ఏం చెప్తాం అన్నారు, కోపంగా కాదు, నిజంగానే అడిగారు. అత్తగారు మాత్రం పెట్టమ్మా అన్నారు. మీరెవరైనా ఇలా పెట్టుకున్నారా? పెడితే ఏం చేయాలి? ఈస్టర్ ఈసారి ఏప్రిల్ 5నే వచ్చింది, ఆ వెనకే కోతలు, మధ్యలో టైం కూడా తక్కువ.

నరసాపురం_బాబాయి:

అమ్మా, తప్పకుండా పెట్టుకో. మాది బ్రదరన్ సంఘం, మేం లెంట్ అనీ మట్టల ఆదివారం అనీ ప్రత్యేకంగా పాటించం. ప్రతి ఆదివారం రొట్టె విరవడమే మాకు కృతజ్ఞత చెల్లించే పని, ఏడాదిలో ఒక్క వారం కూడా ఏం జరిగిందని చెల్లిస్తున్నావు అని ఎవరూ అడగరు. మీ ఆయనకి ఆ మాట చెప్పు. జరగాల్సిన పెద్ద సంగతి సిలువ మీద ఎప్పుడో జరిగిపోయింది, మిగతావన్నీ దాని మీద వచ్చినవే అని నా నమ్మకం.

ఇంకో మాట కూడా చెప్పాలి, నువ్వు చేను సంగతి రాశావు కాబట్టి. ఏమీ జరగలేదు అన్నావు గానీ మీ చేలోకి నీళ్ళు వచ్చాయి కదమ్మా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికాక ముందు ఈ గోదావరి పక్కనే ఉండి మన పెద్దలు కరువుకి చచ్చారు, వరద వస్తే వరదకి చచ్చారు. రెండో పంట అనే మాటే లేదు. కాటన్ దొరగారు కట్టబట్టి ఇవాళ మార్చి ఎండలో కూడా మనకి పచ్చటి చేను కనపడుతుంది. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి ఆ తర్వాత మన నరసాపురం, పాలకొల్లు వైపు పనిచేసిన మిషనరీలు బౌడెన్ గారు, బీర్ గారు ఆనకట్ట లేని రోజులు కూడా చూసినవాళ్ళే. కాలవలో నీళ్ళు పారడం నీకూ నాకూ మామూలు, వాళ్ళకి కాదు. ఇంకొన్నాళ్ళకి కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, ఈలోపు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు, ఆ చెరువు నిండిన రోజు కూడా ప్రార్థనలో చెప్పుకోదగ్గ సంగతే.

మా అమ్మ ఒక పని చేసేది. పూటకీ వండే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేసేది, ఆదివారం అవి మూటకట్టి మందిరానికి పట్టుకెళ్ళేది. పిడికెడు బియ్యం అంటాం, చాలా సంఘాల్లో ఆడాళ్ళకి తెలుసు. మా ఇంట్లో తిండికి కటకటగా ఉన్న రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదు. చిన్నప్పుడు నేను ఆ కుండ వైపు చూసేవాణ్ణి, మనకే లేవు కదమ్మా అంటే, ఇవాళ పొయ్యి మీద ఎసరు పెట్టాను కదరా అనేది. కూడిక పెట్టినా పెట్టకపోయినా ఆ కుండ ఒకటి పెట్టుకోమ్మా ఇంట్లో.

మస్కట్_సిస్టర్:

అక్కా వందనాలు. మాది రాజోలు, ఇక్కడ ఒక ఇంట్లో పని చేస్తున్నా. మీ పోస్టు పొద్దున చదివాను, మళ్ళీ ఇప్పుడు చదివాను. మీకూ మాకూ గంటన్నర తేడా, మీకు రాత్రి ఎనిమిది అయితే నాకు ఆరున్నర, ఆ టైంకి వీలైతే మా ఇంటికి వీడియో కాల్ చేసి వాళ్ళ ప్రార్థనలో కూర్చుంటాను. మావాడు ఫోన్ ని సత్తు గిన్నెకి ఆనించి పెడతాడు, సగం టైం నాకు ఇంటి పైకప్పే కనపడుద్ది, అయినా పర్లేదు. ప్రార్థన అయ్యాక ఇవాళ ఏం కూరరా అని అడిగి కంచం చూపించమంటాను. మొన్న ములక్కాడ టమాట, అమ్మమ్మ వండింది, వాడు తిన్న తర్వాత ములక్కాడ పిప్పి కూడా చూపించాడు.

నాకు గల్ఫ్ రాకముందు అవన్నీ లెక్కలోకి వచ్చేవి కాదు అని నేను అనను, వచ్చేవి. మా ఇంట్లో మా నాన్న రోజూ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పేవాడు, ఆవుదూడ పేరు కూడా. అందుకే అడుగుతున్నా అక్కా, కూడికలో పేర్లు చెప్పించండి. ఇక్కడ మాకు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన శుక్రవారమే పెద్దగా జరుగుద్ది, తెలుగోళ్ళం కలిసినప్పుడు ప్రార్థన అంశాలన్నీ ఇళ్ళ గురించే. ఎవరి అమ్మకి మోకాలు నొప్పి తగ్గింది, ఎవరి చెల్లి ఇంటర్ పాసైంది. ఆ రోజు మీ ఇంటి పేరు కూడా చెప్తాను, మీ చిన్నదాని మట్టల సంగతి కూడా.

అమలాపురం_అబ్బాయి:

అక్కా, పెట్టుకోండి గానీ ఒక్కటి గట్టిగా చెప్తాను, ఏమనుకోవద్దు. ఈ మధ్య మా వైపు కృతజ్ఞత కూడిక అంటే పెళ్ళి లెక్క అయిపోతుంది. షామియానా, సౌండ్ బాక్సులు, ఫ్లెక్సీ, బయట నుంచి ప్రసంగీకులు, వచ్చినోళ్ళకి బిర్యానీ, వెళ్ళేటప్పుడు బాక్సు. లేనోళ్ళు కూడా నలుగురూ ఏమనుకుంటారో అని వడ్డీకి తెచ్చి పెడుతున్నారు, దేవుడికి స్తోత్రం చెప్పిన మర్నాటి నుంచి వడ్డీ కట్టుకుంటా కూర్చోవడం నాకు అసలు మింగుడు పడదు. మీరు కౌలు రైతులు, కోత అయ్యి ధాన్యం డబ్బులు చేతికొచ్చే దాకా ఎంత బిగింపు ఉంటదో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే.

కాబట్టి కొత్త ఖర్చు ఒక్కటి కూడా పెట్టొద్దు. ఇంట్లో ఉన్నది వండండి. మామిడికాయ పప్పు, మజ్జిగ పులుసు, అప్పడం చాలు. చుట్టాల్లో డబ్బున్నోళ్ళని పిలవకపోయినా పర్లేదు, మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళని పిలవండి, వాళ్ళకి ఆ పూట మీ ఇంట్లో తినడమే పెద్ద సంగతి. పక్కింటి హిందువుల్ని కూడా పిలవండి. ఉగాదికి మా పక్కింటి పెద్దమ్మ బూరెలు పంపుద్ది, ఈస్టర్ కి మేం వండింది వాళ్ళకి వెళ్తది, మా చిన్నప్పటి నుంచి ఇదే. ఆవిడ మా అమ్మకి జ్వరం వస్తే పది రోజులు క్యారేజీ పంపింది, అలాంటి మనిషి లేకుండా మా ఇంట్లో కృతజ్ఞత ఏవిటండి.

పాస్టరమ్మ_రాజమండ్రి:

అమ్మా, నీ పోస్టు అయ్యగారికి కూడా చదివి వినిపించాను. మేం లూథరన్ సంఘం. మా దగ్గర కన్ఫర్మేషన్ క్లాసులో, అంటే విశ్వాసం గురించి నేర్చుకునే క్లాసులో, పిల్లలకి ప్రభువు ప్రార్థన నేర్పేటప్పుడు ‘మా అనుదినాహారము’ అన్న చోట ఆగి అనుదినాహారం అంటే ఏమేమిటి అని అడుగుతాం. అన్నం అని ఒక్క మాటతో సరిపెడితే ఒప్పుకోం. లూథర్ గారు 1529లో ఇంటి పెద్దలు పిల్లలకి నేర్పడానికని రాసిన చిన్న బోధలో దీనికి పెద్ద జాబితా ఉంది. తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, మంచి భార్య లేక భర్త, మంచి పిల్లలు, మంచి వాతావరణం, ఆరోగ్యం, మంచి స్నేహితులు, నమ్మకమైన ఇరుగుపొరుగు, ఇవన్నీ అందులోవే. నువ్వు రాసిన పోస్టు చూడు, దాదాపు అదే జాబితా. చేను ఉంది, అత్తగారు ఉన్నారు, ఈత చెట్టు ఇచ్చిన వెనకింటి వాళ్ళు కూడా ఉన్నారు. ఏం జరిగిందని పిలుస్తాం అని మీ ఆయన అడిగారు కదా, మా అనుదినాహారం మాకు దొరికింది అని చెప్పండి వచ్చినవాళ్ళకి. రోజూ అడిగింది రోజూ వచ్చింది, దానికి జవాబు ఇవ్వొద్దా మరి?

ఎలా చేయాలి అంటావా, 136వ కీర్తన తీసుకో. 26 వచనాలు, ప్రతి వచనం చివర ‘ఆయన కృప నిరంతరముండును’ అని వస్తుంది. ఒకరు మొదటి సగం చదివితే మిగతా అందరూ ఆ మాట అనాలి, చదువు రానివాళ్ళు కూడా రెండో వచనానికే అందుకుంటారు. ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు, ఎర్ర సముద్రం, రాజులు, అన్ని పెద్ద పెద్దవి అయ్యాక 25వ వచనంలో ప్రాణులన్నిటికీ ఆహారం పెట్టడం దగ్గరికి వస్తుంది, నాకు ఆ దిగి రావడం అంటే చాలా ఇష్టం. అక్కడ కాసేపు ఆపి మీ ఇంటివి మీరు చెప్పండి. అత్తమ్మ తెల్లవారుజామున పాడింది, ఆయన కృప నిరంతరముండును. చెరువు నిండింది, ఆయన కృప నిరంతరముండును. మా ఇంట్లో పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఇలాగే చేసేవాళ్ళం, మా చిన్నవాడు ఒకసారి తాటి ముంజలు అన్నాడు, అందరం గట్టిగా ఆ పల్లవి అన్నాం. కష్టం కూడా చెప్పొచ్చు. పోయిన ఏడు మా ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయారు, ఆ పేరు చెప్పి కూడా ఆ మాట అన్నాం, గొంతు రాలేదు, పక్కవాళ్ళు అన్నారు. ఇంట్లో పదిమంది ఉంటే అందుకే మంచిది.

రోజు విషయానికొస్తే ఈస్టర్ రోజు పెట్టొద్దు. ఆ రోజు తెల్లవారకముందే సమాధుల తోటకి వెళ్ళాలి, కొవ్వొత్తులు వెలిగించాలి, తర్వాత ఆరాధన, మధ్యాహ్నానికి అందరూ అలసిపోతారు, మీ అయ్యగారు కూడా ఇంకో రెండు ఊళ్ళు తిరగాలి. మర్నాడు సోమవారం సాయంత్రం పెట్టుకో, ఎండ తగ్గాక, డాబా మీదే.

పాలకొల్లు_కోడలు:

అందరికీ చాలా వందనాలండి. పాస్టరమ్మ గారూ, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను, అనుదినాహారం దొరికింది అని చెప్తాం అనగానే సరే పిలువు అన్నారు, అంతే, ఇంకో మాట లేదు. సోమవారం సాయంత్రమే పెడుతున్నాం. తమ్ముడూ నువ్వు చెప్పినట్టే కొత్త ఖర్చు లేదు, పప్పు మామిడికాయ, అత్తగారు చిన్న రొయ్యలు వంకాయ వండుతా అన్నారు, అది మా చెరువుగట్టు ఆయన ఎలాగూ ఇస్తారు. మా వీధి చివర ఇద్దరు ముసలోళ్ళు ఉన్నారు, వాళ్ళకి చెప్పొచ్చాను. వెనకింటి వాళ్ళని చిన్నదే వెళ్ళి పిలిచింది. బాబాయి గారూ, కుండ దొరికింది, అత్తగారిది పాత లేసు దారాలు పెట్టుకునే కుండ, ఆవిడ దారాలు సంచిలోకి మార్చి కుండ కడిగి ఇచ్చారు. సిస్టర్, మీ పేరు కూడా ఆ రోజు చెప్తాం, మీ అబ్బాయి పేరు నాకు మెసేజ్ పెట్టండి.

ఒక్కటే ఉంది. మా పెద్దాడు నలుగురిలో నోరు విప్పడు. మనసులో చాలా ఉంటది, వాడు నాన్న సైకిల్ కి గాలి కొట్టి పెట్టడం, నానమ్మకి కళ్ళలో చుక్కలు వేయడం నేను రోజూ చూస్తున్నా. అందరి ముందూ చెప్పమంటే లేచి వెళ్ళిపోతాడేమో అని భయంగా ఉందండి.

పాస్టరమ్మ_రాజమండ్రి:

చెప్పమని అడగొద్దమ్మా. కీర్తన మొదటి సగాలు వాడి చేతే చదివించు. పుస్తకం చేతిలో ఉంటే మగపిల్లలకి ధైర్యం, మొహం దాచుకోవచ్చు. మీ ఇంటివి కూడా ముందు రోజు రాత్రి అందరి దగ్గరా అడిగి ఒక కాగితం మీద వాడినే రాయమను, అది కూడా వాడే చదువుతాడు. వాడిది వాడు రాసుకుంటే రాసుకుంటాడు, లేకపోతే సైకిల్ సంగతీ చుక్కల సంగతీ మీ అత్తగారు చెప్తారు, ఆవిడతో ముందే మాట్లాడి పెట్టు. ధైర్యంగా పెట్టుకో, ఆ సోమవారం మా ప్రార్థనలో మీ ఇల్లు ఉంటుంది.