పదేళ్లు దాటిన బెంజ్, బీఎండబ్ల్యూ కొనేముందు: స్కాన్ రిపోర్టు చాలా, ఇంజను చల్లగా ఉండగా చూడాలా?

పెన్నాగట్టు (నెల్లూరు):
రెండు బండ్లు బేరంలో ఉన్నాయి. ఒకటి 2011 రిజిస్ట్రేషన్ బీఎండబ్ల్యూ 520డి, చెన్నై బండి. రెండోది 2012 బెంజ్ ఈ250 సీడీఐ, ఢిల్లీ నుంచి ఎన్‌వోసీ (బండిని వేరేచోటికి మార్చుకోవచ్చని అక్కడి ఆర్టీఏ ఇచ్చే కాగితం) మీద వచ్చింది. రెండూ డీజిలే, మీటర్లు రెండూ లక్ష లోపే. "స్కానర్ పెట్టి చూపిస్తా, ఒక్క ఫాల్టు ఉన్నా తీసుకోబాకండి" అంటున్నాడు బ్రోకర్. స్కాన్ క్లీన్‌గా వస్తే అడ్వాన్సు ఇచ్చేయొచ్చా?

ఒంగోలు స్కానర్:
ఏ స్కానర్ అనేది ముందు అడగండి. ఫోనుకు కలిపే చిన్న ఓబీడీ ముక్క (బండి సాకెట్లో గుచ్చేది) ఇంజను కోడ్లు, అంటే లోపాల నంబర్లు తప్ప పెద్దగా ఏమీ చదవదు. గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లోపలికి పోవాలంటే బెంజ్‌కి ఎక్సెంట్రీ, బీఎండబ్ల్యూకి ఇస్టా (ఆ కంపెనీల సొంత స్కాన్ సాఫ్ట్‌వేర్లు) కావాలి, లేదా వాటికి సాటివచ్చే మంచి మల్టీబ్రాండ్ స్కానర్ అయినా ఉండాలి. వాటిల్లో ఫాల్టు పక్కనే, అది పడ్డప్పుడు బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా రాసి ఉంటుంది. మీటరు 82,000 చూపిస్తూ, ఎప్పుడో పడ్డ పాత ఫాల్టు 1,40,000 దగ్గర నమోదై ఉంటే ఇక మాట్లాడేదేముంది? మీటర్ తిప్పారు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కరెక్షన్ విలువలు, డీపీఎఫ్‌లో (పొగలోని మసి పట్టే ఫిల్టర్) బూడిద ఎంత పేరుకుందో కూడా అక్కడే కనపడతాయి. ఈ250లో ఉండేది ఓఎం651 ఇంజను. తొలి బండ్లలో డెల్ఫీ పీజో ఇంజెక్టర్లు చాలా ఇబ్బంది పెట్టాయి, తర్వాత వాటి స్థానంలో సోలినాయిడ్ రకం వేశారు. ఈ బండికి ఏవి ఉన్నాయో చూడండి. నా ఓటు స్కాన్‌కే.

ఆటోనగర్ నట్టు:
అన్నా, ఫాల్టులు చెరపడానికి రెండు నిమిషాలు చాలు. బ్రోకర్ అంత ధైర్యంగా చెప్తున్నాడంటేనే ముందురోజు చెరిపేసి పెట్టి ఉంటాడు.

520డిలో ఎన్47 ఇంజనుకి టైమింగ్ చైను (వాల్వులు, పిస్టన్లు లయ తప్పకుండా తిప్పే గొలుసు) ముందువైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. 2007 నుంచి 2011 మొదటి నెలల దాకా తయారైనవాటిలో అది అరిగి, సాగి, తెగిన కేసులు ఎక్కువ. తెగితే వాల్వులు, పిస్టన్లు కొట్టుకుని ఇంజను పోయినట్టే. చైను మార్చాలంటే ముందు గేర్‌బాక్స్ దించాలి, విడిభాగాల కంటే కూలి బరువు. పైగా చాలాసార్లు చివరిదాకా ఏ కోడూ పడదు, శబ్దం ఒక్కటే గుర్తు.

అందుకని చెప్పకుండా పొద్దున్నే పోండి. బానెట్ మీద, సైలెన్సర్ గొట్టం లోపల చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆరోజు చూడబాకండి, ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లగా ఉంటే ఒకరు స్టార్ట్ చేయాలి, ఇంకొకరు కుడి, ఎడమ ముందు చక్రాల వెనక, గేర్‌బాక్స్ ఉండే చోటికి దగ్గరగా చెవి పెట్టాలి. 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య ఇనుము రాసుకుంటున్నట్టు గరగరమని వస్తే చైనే. డీజిల్ టకటక వేరు, ఇది వేరు. తేడా తెలియకపోతే తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకోండి.

పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది: టర్బో (ఇంజనులోకి గాలి నెట్టేది) సీళ్లో, వాల్వు సీళ్లో, రింగులో. తెల్లపొగ తియ్యటి వాసనేస్తూ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది. కూలెంట్ ట్యాంకు మూత చల్లగా ఉన్నప్పుడే తీయండి. నీళ్ల మీద నూనె తెట్టు తేలితే ఇంటిదారి పట్టండి.

చీమకుర్తి దుమ్ము:
మావైపు బండి ఏది కొన్నా ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడాల్సిందే. ఫిల్టర్ మురికిగా ఉంటే మార్చుకోవచ్చు. ఫిల్టర్ దాటాక ఉండే శుభ్రమైన వైపు వేలితో రుద్దితే గ్రానైట్ పొడి అంటుకుందంటే మాత్రం అది టర్బో రెక్కల్ని ఎప్పట్నుంచో గీకుతోందని అర్థం.

ఒంగోలు స్కానర్:
నట్టు గారూ, చెరిపిన ఆనవాలు కూడా దొరుకుతుంది. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపించే విలువ ఒకటి ఉంటుంది. అది 12 కిలోమీటర్లని చూపిస్తే నిన్ననే చెరిపారు. రెడీనెస్ మానిటర్లు (బండి తన భాగాల్ని తానే పరీక్షించుకుందో లేదో చెప్పేవి) "పూర్తికాలేదు" అని చూపించినా అదే కథ. ట్రయల్‌లో 40, 50 కిలోమీటర్లు హైవే మీద తోలి, వచ్చి మళ్లీ స్కాన్ చేయించండి. అప్పుడు పడే కోడ్లే అసలైనవి. చైను విషయంలో మీరన్నది నిజమే, దాన్ని స్కానర్ పట్టుకోలేదు.

సింగరాయకొండ ఉప్పుగాలి:
మీరిద్దరూ ఇంజను చుట్టూనే తిరుగుతున్నారు. చెన్నై బండి అనగానే ముందు నీళ్ల సంగతి చూడాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కి చెన్నైలో మునిగినవి, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో మునిగినవి కడిగి అమ్మకానికి వచ్చే వీలుంది, మనం సరిగ్గా ఈ రెండు ఊళ్ల మధ్యలో ఉన్నాం. సీటు బెల్టు ఆఖరుదాకా బయటికి లాగండి. చివరి మూరలో బురద చార కనపడితే బండి మునిగిందే, మిగతావన్నీ కడిగినా అక్కడ ఎవరూ కడగరు. సీటు రైలు బోల్టుల తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి కింది పొర తడి చూడండి. ఈ బండ్లలో కంట్రోల్ మాడ్యూళ్లు, ఫ్యూజులు కొన్ని బూట్ అడుగున, సీట్ల దగ్గర ఉంటాయి. మునిగిన ఏడాది తర్వాతైనా అవి పచ్చగా తుప్పుపట్టి ఒక్కొక్కటే చస్తాయి.

ఇక రొయ్యల చెరువుల పక్కన ఉండే బండి అయితే లిఫ్ట్ మీదికి ఎక్కించాలి. బెంజ్ వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల భాగాలు బిగించే ఇనుప చట్రం) లోపల్నుంచి తుప్పు పడుతుంది. స్ప్రింగు కూర్చునే చోటు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి, ఖంగుమనకుండా మొద్దు శబ్దం వస్తే వద్దు.

కావలి గేర్:
గేర్‌బాక్స్ ఎవరూ ఎత్తలేదేంది? 520డి ఆటోమేటిక్‌లో జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్లది. ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని బీఎండబ్ల్యూ అంటుంది, తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేనైతే చేసినోడి మాటే వింటా. ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది, పాన్ మొత్తం మార్చాలి. బ్రేకు తొక్కి డి నుంచి ఆర్‌కి వేస్తే ఆలస్యమైనా, ధబ్‌మన్నా అనుమానించండి. ఆగేటప్పుడు రెండు నుంచి ఒకటికి దిగుతూ కుదిపినా అంతే.

పెన్నాగట్టు:
ఎస్ క్లాస్ కూడా ఒకటి చూపిస్తా అంటున్నాడు...

ఆటోనగర్ నట్టు:
ఎయిర్ సస్పెన్షన్ ఉంటే రాత్రి ఒకచోట ఆపించి, పొద్దున స్టార్ట్ చేయకముందే టేపు పెట్టండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు మూలలా కొలవాలి. ఒక మూల దిగిపోయి ఉంటే గాలి సంచి లీకు. దాన్నట్టే వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది, అప్పుడు రెండు ఖర్చులు. రోహిణి కార్తెలో ఏసీ ఫుల్లు పెట్టి అరగంట నిలబెట్టి చూడటం మరవబాకండి. ఆగి ఉన్నప్పుడు చల్లదనం తగ్గితే ఫ్యాను, కండెన్సర్ చూపించాలి.

ఆర్టీఏ క్యూ:
ఢిల్లీ బండి కాగితాలు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్‌కి 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) అడ్డు చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది, 2025లో కొంత సడలించింది. చౌకకి కారణం ఆ అడ్డే. ఫారం 28 ఎన్‌వోసీ నెల్లూరు కార్యాలయం పేరుమీదే ఉందా, వేరే జిల్లాకి రాశారా చూడండి. అప్పు తీరితే ఫారం 35, పేరు మార్పిడికి 29, 30. మనదగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అది కలుపుకుంటే చౌక ఎంత మిగులుతుందో లెక్కేయండి. 2011 బండికి 2026లో, 2012 దానికి 2027లో పదిహేనేళ్లు, ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్.

కావలి గేర్:
520డికి వచ్చేవి రన్‌ఫ్లాట్లు (గాలి పోయినా కొంతదూరం పోయే టైర్లు), స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి. టైరు మీద 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగూ పాతబడితే ఆ ఖర్చు ధరలో కోయించండి.

పెన్నాగట్టు:
520డికి చైను మార్చినట్టు బిల్లు ఉందంట. నమ్మొచ్చా?

ఆటోనగర్ నట్టు:
బిల్లులో ఏం రాశారో చూడు తమ్ముడూ. పై చైను, కింది చైను, గైడ్లు, టెన్షనర్లు అన్నీ ఉండాలి, గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కూలి వేరే వరసలో కనపడాలి. ఒట్టి టెన్షనర్ ఒక్కటే ఉంటే శబ్దం ఆపడానికి చేసిన పని. ఆర్‌సీలో తయారీ నెల కూడా చూడు. 2011 రిజిస్ట్రేషన్ అయినా బండి 2010 చివర్లోది అయి ఉండొచ్చు.