అప్‌డేట్: క్యాంపర్‌వ్యాన్‌కి లిథియం బ్యాటరీ వేశాను

అక్టోబరులో అడిగాను కదా, మా వ్యాన్‌లోని (లోపలే పడుకుంటూ ఊళ్లు తిరిగే బండి) రెండు 110 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలు తీసేసి లిథియం పెడితే పాత వైరింగ్ సరిపోతుందా అని. సరిపోదన్నవాళ్లదే కరెక్ట్.

మాట వినకుండా పాత రిలేతోనే (ఇంజన్‌నీ బ్యాటరీనీ కలిపే స్విచ్) ఇంజన్ నుంచి నేరుగా ఛార్జింగ్ పెట్టాను. పావుగంటకే వైరు ముట్టుకోలేనంత కాలిపోతోంది. లిథియం ఇచ్చినంతా లాగేస్తుంది, ఇంజన్‌తో తిరిగి కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్ ఏమైపోతుందోనని దానికి పట్టదు. మధ్యలో కరెంటుని హద్దులో ఉంచే 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ బిగించాకే కుదుటపడింది.

ఇప్పుడు ఉన్నది ఒకే ఒక్క 100 ఆంపియర్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. వాడుకోడానికి దొరికేది ఇంచుమించు పాత రెండూ కలిపి ఇచ్చినంతే, లెడ్‌ని సగం ఛార్జి కంటే కిందికి దించకూడదు కాబట్టి. పాతవి దించేటప్పుడు నడుం పట్టేసింది, దీన్ని ఒంటిచేత్తో ఎత్తాను.

జనవరిలో స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండలకి వెళ్లాం. రాత్రంతా హీటర్ ఫ్యాన్ బాగానే తిరిగింది. పొద్దున ఎండ వచ్చినా సోలార్ నుంచి ఛార్జింగ్ సున్నా! ఒకటే టెన్షన్. తీరా చూస్తే బ్యాటరీ సున్నా డిగ్రీల కిందికి పోయింది, లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఛార్జింగ్ ఆపేసింది. వాడకానికి అడ్డు లేదు, ఎక్కించడానికే. బయటి లాకర్‌లోంచి తీసి లోపల సీటు కిందకి మార్చాను.

పాత వోల్ట్ మీటర్ దండగ, లిథియంలో ఛార్జి ఎంత మిగిలినా దాదాపు ఎప్పుడు చూసినా 13.2 దగ్గరే ఉంటుంది. వచ్చే, పోయే కరెంటు కొలిచే షంట్ ఆర్డర్ పెట్టాను.