'ఆంద్రేయ్ రుబ్ల్యోవ్' ఏ వెర్షన్ చూడమంటారు?

వచ్చే ఆదివారం ఫ్రెండ్స్‌తో కూర్చుని రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన సినిమా 'ఆంద్రేయ్ రుబ్ల్యోవ్' చూద్దామనుకుంటున్నాం. నేను 183 నిమిషాల వెర్షన్ చూశాను, మిగతావాళ్లకు ఇదే మొదటిసారి. 205 నిమిషాలది కూడా దొరుకుతోంది, 1966లో మొదట ఎడిట్ చేసినది అదేనట. రెండూ చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: పొడుగుదాంట్లో కథకు పనికొచ్చేది ఏమైనా ఉందా, లేక హింసే ఎక్కువా? మాలో ఒకడు జంతువులను బాధపెడితే అసలు చూడలేడు. గుర్రం మెట్ల మీంచి పడిపోయే సీను గురించి వాడికి ఇంకా చెప్పలేదు.

ఇంకో సందేహం. సినిమాలో 1408లో వ్లదీమిర్ నగరం మీద దాడి జరిగినప్పుడు, ఆ కాలపు రష్యన్ చిత్రకారుడైన రుబ్ల్యోవ్ ఒకణ్ణి చంపి, తర్వాత కుంచె వదిలేసి మౌనవ్రతం పడతాడు కదా. దీనికి చరిత్రలో ఏమైనా ఆధారం ఉందా, పూర్తిగా కల్పనేనా?

చివరిది కంచుపని తెలిసినవాళ్లకి. గంట పోత పోసే కుర్రాడు బోరిస్కా, ఇది కాదు అది కాదంటూ మట్టి కోసం ఎక్కడెక్కడో వెతుకుతాడు. చివరికి వానలో గట్టు మీంచి జారిపడితే, ఒళ్లంతా బురదై, ఆ బురదలోనే సరైన మట్టి దొరికిందని కేకలు పెడతాడు. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క అది. నిజంగా గంట అచ్చుకు మట్టి అంత ముఖ్యమా? చేత్తో పట్టుకుని చూస్తే మంచిదో కాదో తెలిసిపోతుందా?

కథ ముందే తెలిసిపోయినా మాకేం ఫర్వాలేదు, వివరంగానే రాయండి.