కొత్తగా వచ్చాం: క్యాష్‌బ్యాక్‌కి ఏ కార్డులు, ఏ వరసలో?

ఇర్వింగ్ కొత్తవాడు:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి అమెరికా వచ్చి ఐదు వారాలైంది. హెచ్‌1బీ. నేను, మా ఆవిడ, మూడేళ్ల పాప. ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) పోయిన వారమే చేతికొచ్చింది. ఇప్పటిదాకా అన్నిటికీ డెబిట్ కార్డే గీకుతున్నాను. ఆఫీసులో పక్క సీటాయన చూసి "నెలకి యాభై డాలర్లు రోడ్డు మీద పారేసుకుంటున్నావ్" అన్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్.

అద్దె 1,850 పక్కన పెడితే నెల ఖర్చు ఇది: ఇండియన్ స్టోరు, మామూలు సూపర్‌మార్కెట్ కలిపి 450 డాలర్లు, కాస్ట్‌కో 300, కారు గ్యాస్ (పెట్రోలు) 160, బయట తిండి 250, మిగతావన్నీ ఒక 800. ఏ కార్డులు తీసుకుంటే ఎక్కువ వెనక్కి వస్తుంది? ముందు ఏది, తర్వాత ఏది? పెద్దలు చెప్పగలరు.

ఫ్రిస్కో పాతకాపు:
తమ్ముడూ, స్వాగతం. నేను 2006లో వచ్చాను, చాలామందికి చెప్పిన మాటే నీకూ చెప్తున్నా. ఏ కార్డు కావాలని నువ్వు అడుగుతున్నావు. నీకు ఎవడిస్తాడన్నది ముందు చూడు. ఇక్కడ నీకు క్రెడిట్ హిస్టరీ సున్నా. ఇండియాలో ఇల్లు లోను కట్టావు, కారు లోను కట్టావు, అవేవీ ఈ బ్యాంకులకు కనపడవు. ఫైకో స్కోరు, అంటే ఇక్కడి క్రెడిట్ స్కోరు, పుట్టాలంటేనే ఒక అకౌంటు కనీసం ఆరు నెలలు నడవాలి. కాబట్టి మొదటి ఏడాది క్యాష్‌బ్యాక్ గురించి ఆలోచించకు.

డిస్కవర్ అనే కంపెనీ కార్డుతో మొదలుపెట్టు. మామూలుది ఇవ్వకపోతే 200 డాలర్లు డిపాజిట్ కట్టి సీక్యూర్డ్ కార్డు తీసుకో. మొదటి ఏడాది ఎంత క్యాష్‌బ్యాక్ వస్తే అంత మళ్లీ కలిపి ఇస్తారు. 2025 మేలో ఆ కంపెనీని కేపిటల్ వన్ కొనేసింది కాబట్టి అప్లై చేసే ముందు వివరాలు ఒకసారి చూసుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో, కాస్ట్‌కో లోపల డిస్కవర్ నడవదు. అక్కడ 2016 నుంచి క్రెడిట్ కార్డంటే వీసా ఒక్కటే.

ఇంకో మాట. ప్రతి నెలా కొంచెం బ్యాలెన్స్ ఉంచి కట్టు, పదో ఇరవయ్యో. పూర్తిగా కట్టేస్తే స్కోరు పెరగదు.

ఎడిసన్ అక్క:
పాతకాపు గారూ, మిగతాదంతా బానే చెప్పారు గానీ ఆ చివరి ముక్క వెనక్కి తీసుకోండి. బ్యాలెన్స్ ఉంచితే స్కోరు పెరుగుతుందన్నది ఉత్త పుకారు. వడ్డీ కట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. స్టేట్‌మెంట్ వచ్చిన రోజున బ్యాలెన్స్ ఎంత ఉందో క్రెడిట్ హిస్టరీ దాచే బ్యూరోకి వెళ్తుంది, అంతే. డ్యూ డేట్ లోపల మొత్తం కట్టేస్తే సరిపోతుంది.

ఇర్వింగ్ తమ్ముడూ, ఈ కార్డుల వడ్డీ మన భాషలో చెప్తాను. ఏడాదికి 24 శాతం అంటే వందకి రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్లో ఎవరైనా రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే "ఎంత ఇబ్బందిలో ఉన్నాడో పాపం" అనుకుంటాం. ఇక్కడ అదే వడ్డీకి ఐఫోన్లు కొంటున్నారు. రెండు శాతం క్యాష్‌బ్యాక్ నెలకి రెండు శాతం వడ్డీతో చెల్లుకి చెల్లు. కార్డు వచ్చిన రోజే ఆటోపే పెట్టు. అందులో "మినిమమ్ డ్యూ" అనీ "స్టేట్‌మెంట్ బ్యాలెన్స్" అనీ రెండు గుండ్రాలుంటాయి. మొదటిది కనీస మొత్తమే కడుతుంది, మిగతాదానికి వడ్డీ పడుతుంది. రెండోది నొక్కు. మా తోడికోడలు మొదటిది నొక్కి, ఆటోపే ఉందిగా అని ఎనిమిది నెలలు నిశ్చింతగా కూర్చుంది.

ఇక లెక్క. నీ ఖర్చు మొత్తం 1,960. ఫీజు లేని రెండు శాతం కార్డు ఒకటి (సిటీ డబుల్ క్యాష్ గానీ, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ గానీ; మొదటిది మాస్టర్‌కార్డ్, కాస్ట్‌కో లోపల నడవదు) తీసుకుని కళ్లు మూసుకుని అన్నిటికీ గీకితే ఏడాదికి 470 డాలర్లు. బుర్ర పెట్టాల్సిన పనే లేదు.

దాని మీద కిరాణాకి యామెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) బ్లూ క్యాష్ ప్రిఫర్డ్ పెట్టావనుకో. సూపర్‌మార్కెట్ల మీద ఏడాదికి 6,000 డాలర్ల దాకా 6 శాతం, ఆపైన 1 శాతం. నీది నెలకి 450, అంటే ఏడాదికి 5,400. ఆరు శాతం 324. ఏడాది ఫీజు 95 తీసేస్తే 229. రెండు శాతం కార్డుతో అదే కిరాణాకి 108 వచ్చేది. నీకు మిగిలేది 121 డాలర్లు. బాగానే ఉంది, కానీ జీవితాలు మారిపోవు. అదే కంపెనీది ఫీజు లేని ఎవ్రీడే కార్డు 3 శాతం ఇస్తుంది. నెల కిరాణా 264 డాలర్లు దాటితేనే ఫీజు కార్డు దానికన్నా లాభం.

ప్లేనో ఏడు కార్డులు:
అక్కా, లెక్క కరెక్టే గానీ మరీ పిసినారి లెక్క :) కాస్ట్‌కో సిటీ వీసా మర్చిపోయారు. గ్యాస్ మీద 4, రెస్టారెంట్లకి 3, కాస్ట్‌కో లోపల 2. ఈ తమ్ముడి ఖర్చుకి గ్యాస్, తిండి మీదే రెండు శాతం కార్డుకన్నా ఏడాదికి ఇంకో 68 డాలర్లు. అమెజాన్ ఎక్కువైతే ప్రైమ్ వీసా 5 శాతం. సిటీ కస్టమ్ క్యాష్ అయితే ఆ బిల్లింగ్ నెలలో దేని మీద ఎక్కువ ఖర్చు పెడితే దానికి 5, కానీ 500 డాలర్ల దాకే. నేను దాన్ని ఒక్క రెస్టారెంట్లకే వాడతా. డిస్కవర్, చేజ్ ఫ్రీడమ్ ఫ్లెక్స్ మూడు నెలలకోసారి ఎక్కువ ఇచ్చే ఖర్చుల వర్గాలు మారుస్తాయి, 1,500 దాకా 5 శాతం. క్వార్టర్ మొదట్లో వెళ్లి యాక్టివేట్ నొక్కాలి. మర్చిపోతే 1 శాతమే.

నా కార్డులన్నిటికీ స్టిక్కర్లు అంటించి ఉంటాయి. "గ్యాస్", "కూర", "బిర్యానీ" అని. మా ఆవిడకి ఏది ఎక్కడ గీకాలో కన్‌ఫ్యూజన్ లేదు.

ఎడిసన్ అక్క:
మీ ఆవిడ మా వాట్సాప్ గ్రూపులో ఉంది బాబూ. కన్‌ఫ్యూజన్ లేదన్నది మీ అభిప్రాయం.

అట్లాంటా నుంచి:
కార్డుల సంగతి అందరూ చెప్పారు, నేను అపార్ట్‌మెంట్ సంగతి చెప్తాను. ఎందుకంటే క్యాష్‌బ్యాక్ కక్కుర్తిలో నేను అక్కడే పప్పులో కాలేశాను.

ఒక కార్డుకి బోనస్ ఆఫర్ ఉండేది, మూడు నెలల్లో 1,000 ఖర్చు పెడితే 200 డాలర్లు. మాది పొదుపు కుటుంబం, అంత ఖర్చు ఎక్కడ? అప్పుడే ఇల్లు మారుతున్నాం. మొదటి నెల అద్దె 1,420, డిపాజిట్ 500, రెండూ కార్డు మీద కట్టేశాను. అద్దె కట్టే పోర్టల్ వాళ్లు 2.95 శాతం ఫీజు పట్టుకున్నారు, 56 డాలర్ల చిల్లర. పోతే పోయింది, 200 వచ్చిందిగా అని మీసం మెలేశాను.

పద్నాలుగు నెలల తర్వాత ఉద్యోగం మారి ఖాళీ చేశాం. ఈలోగా ఆ కార్డు దండగని మూసేశాను. ఖాళీ చేసే రోజు లీజింగ్ ఆఫీసు ఆవిడ వచ్చి ఫోను లైటు వేసుకుని వంటగది కౌంటర్ మీద వంగి చూస్తోంది. పొయ్యి పక్కన నాలుగు వేళ్ల వెడల్పు పసుపు మరక. మా అమ్మ వచ్చినప్పుడు పులిహోర కలిపిన చోటు. "బర్న్ మార్క్" అని రాసుకుంది. కాదమ్మా, పసుపు అన్నాను. పసుపంటే ఏంటో చెప్పడానికి డబ్బా తెచ్చి చూపించాను. ఆవిడ డబ్బాకి కూడా ఫోటో తీసుకుంది. అదే నా కొంప ముంచింది, నేనే ఒప్పుకున్నట్టయింది. 185 కోసేశారు.

మిగిలిన 315 ఎక్కడికి పంపారు? కట్టిన దారినే పంపాలట. మూసేసిన కార్డుకి పంపారు. ఆ బ్యాంకు వాళ్లు అకౌంటు లేదు కాబట్టి చెక్కు రాసి నా అడ్రసుకి పోస్టు చేశారు. ఏ అడ్రసు? నేను ఖాళీ చేసిన అపార్ట్‌మెంటు అడ్రసు. లీజింగ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మేం పంపేశాం అంటారు, బ్యాంకుకి చేస్తే మేమూ పంపేశాం అంటారు. నాలుగు నెలలు, పదకొండు ఫోన్లు. చివరికి చెక్కు వెనక్కి పోతే మళ్లీ రాయించుకున్నాను.

అద్దె, డిపాజిట్ బ్యాంకు అకౌంటు నుంచే కట్టు తమ్ముడూ. కార్డు మీద ఫీజు మూడు శాతం, నీకొచ్చేది రెండు శాతం.

ఫ్రిస్కో పాతకాపు:
ఆయన అడిగింది కార్డుల గురించి, మీరు చెప్పింది కౌంటర్ గురించి. అయినా పసుపు మరక మీద నిమ్మరసం, వంటసోడా కలిపి రాస్తే పోతుందిగా.

అట్లాంటా నుంచి:
రాశాం సార్. ఇంకా పెద్దదైంది.

ఎడిసన్ అక్క:
బట్ట మీదైతే ఎండలో పెడితే పసుపు తేలిపోతుంది. కౌంటర్ని ఎండలో పెట్టలేంగా. సరే, విషయానికి రండి.

ప్లేనో ఏడు కార్డులు:
విషయానికే వస్తున్నా. బోనస్ మాటొచ్చింది కాబట్టి, చేజ్ కార్డులు కావాలంటే వాటినే ముందు తీసుకోవాలి. ఏ బ్యాంకువైనా సరే 24 నెలల్లో ఐదు కొత్త కార్డులు ఉంటే చేజ్ ఇవ్వదు. ఎక్కడా రాసిపెట్టి ఉండదు కానీ అందరికీ తెలిసిన రూలే. యామెక్స్‌ది ఇంకోరకం, ఒక కార్డు మీద బోనస్ జీవితంలో ఒక్కసారే.

ఫ్రిస్కో పాతకాపు:
బోనస్‌లకి టాక్స్ కట్టాలని కూడా చెప్పు. నాకు 1099 అనే టాక్స్ ఫారం వచ్చింది.

ప్లేనో ఏడు కార్డులు:
అన్నా, మీకు వచ్చింది చెకింగ్ అకౌంటు తెరిచినందుకు ఇచ్చిన బోనస్‌కి. అది వడ్డీ కింద లెక్క, టాక్స్ ఉంటుంది. ఖర్చు పెట్టి సంపాదించిన క్యాష్‌బ్యాక్ డిస్కౌంట్ లాంటిది, ఇక్కడి టాక్స్ శాఖ ఐఆర్ఎస్ దాన్ని ఆదాయం అనదు.

ఫ్రిస్కో పాతకాపు:
నాకు మా సీపీఏ, టాక్స్ లెక్కలు చూసే ఆయన, చెప్పాడు.

ప్లేనో ఏడు కార్డులు:
ఆ 1099 తీసి దాని మీద ఐఎన్‌టీ (అంటే వడ్డీ) అని ఉందో లేదో చూడండి.

ఫ్రిస్కో పాతకాపు:
ఉంది. సరే.

హ్యూస్టన్ వదిన:
ఎవరూ చెప్పని రెండు ముక్కలు. ఒకటి, ఇండియాకి డబ్బు పంపే యాప్‌లో క్రెడిట్ కార్డు పెట్టి క్యాష్‌బ్యాక్ కొట్టేద్దామనుకోకు. చాలా కార్డులకి అది క్యాష్ అడ్వాన్స్ (కార్డు మీద నగదు తీసుకున్నట్టు) కింద పడుతుంది. వేరే ఫీజు, పైగా ఆ రోజు నుంచే వడ్డీ. రెండు, రెండు శాతం ఇచ్చే చాలా కార్డులు ఇండియాలో గీకితే మూడు శాతం ఫీజు వేస్తాయి. సిటీ డబుల్ క్యాష్, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ రెండూ అంతే. కేపిటల్ వన్ క్విక్‌సిల్వర్‌కి ఆ ఫీజు లేదు, 1.5 శాతం ఇస్తుంది. ఊరెళ్లే ముందు అలాంటిదొకటి దగ్గర పెట్టుకో. బంగారం షాపులో మెషీను డాలర్లా రూపాయలా అని అడిగితే రూపాయలే నొక్కు.

ఇంకా, మీ ఆవిడ హెచ్4 (హెచ్‌1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా) అయితే ఆమెని నీ కార్డు మీద ఆథరైజ్డ్ యూజర్‌గా కలుపు, నీ అకౌంటు మీదే ఆమెకీ ఒక కార్డు వస్తుంది. నేను హెచ్4 మీద ఆరేళ్లున్నాను. ఎస్ఎస్ఎన్ వచ్చేదాకా నా పేరు మీద ఒక్క కార్డు లేదు, లైబ్రరీ కార్డు తప్ప.

ఇర్వింగ్ కొత్తవాడు:
అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. రెండు డౌట్లు. ఇండియన్ స్టోర్‌లో కొన్నది సూపర్‌మార్కెట్ కిందే పడుతుందా? నాకు ఇండియాలో క్రెడిట్ హిస్టరీ బానే ఉంది, అది నిజంగానే పనికిరాదా?

ఎడిసన్ అక్క:
రెండోది ముందు. పాతకాపు గారి రోజుల్లో పనికొచ్చేది కాదు. ఇప్పుడు యామెక్స్ అప్లికేషన్‌లో నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా ఇండియా రిపోర్టు చూపించే వీలుంది. గ్యారంటీ లేదు గానీ అడగడంలో పోయేదేముంది? అది పనిచేస్తే ఆ ఆరు నెలలూ ఆగక్కర్లేదు.

ఇండియన్ స్టోరు సంగతి షాపు బట్టి. ప్రతి షాపుకీ ఒక మెర్చంట్ కోడ్ ఉంటుంది, సూపర్‌మార్కెట్లది 5411. పెద్ద షాపులు మామూలుగా దాని కిందే ఉంటాయి. మా వీధి చివర చిన్న షాపుంది, సగం కూరగాయలు, సగం చాట్ కౌంటరు. అక్కడ బియ్యం బస్తా కొన్నా రెస్టారెంట్ కిందే పడుతుంది. ముందు పది డాలర్ల బెండకాయలు కొని గీకి చూడు, యాప్‌లో ఏ వర్గం చూపిస్తుందో తెలుస్తుంది. వాల్‌మార్ట్, టార్గెట్, కాస్ట్‌కో యామెక్స్ లెక్కలో సూపర్‌మార్కెట్లు కావు.

ఫ్రిస్కో పాతకాపు:
వరస కూడా చెప్పేద్దాం. ఇప్పుడు ఒక్కటి. ఆరేడు నెలల తర్వాత రెండు శాతం కార్డు. ఏడాది దాటాక కిరాణాది. ఒకే వారంలో నాలుగింటికి అప్లై చేయకు, నాలుగు ఎంక్వైరీలు (బ్యాంకులు నీ హిస్టరీ తీసి చూసినట్టు) పడి నాలుగూ రిజెక్ట్ అవ్వొచ్చు.

ప్లేనో ఏడు కార్డులు:
ఆ తర్వాత నా దగ్గరికి రా, స్టిక్కర్లు ఇస్తా.

ఇర్వింగ్ కొత్తవాడు (మూడు వారాల తర్వాత):
అప్‌డేట్. పాతకాపు అన్న చెప్పినా వినకుండా జీతం పడే బ్యాంకులోనే ముందు అడిగాను. హిస్టరీ లేదని రిజెక్ట్. తర్వాత డిస్కవర్ వచ్చింది, సీక్యూర్డ్ కాదు, మామూలుదే. లిమిట్ 1,000 డాలర్లు. కిరాణా, బయట తిండి, గ్యాస్ దాని మీద పెడితే 860 అవుతుంది, ఇది స్కోరుకి మంచిదేనా? కాస్ట్‌కోకి మాత్రం డెబిట్ కార్డే పట్టుకెళ్తున్నా.

ఎడిసన్ అక్క:
లిమిట్‌లో 86 శాతం వాడినట్టు స్టేట్‌మెంట్‌లో కనపడకూడదు, స్కోరు తగ్గుతుంది. నెల మధ్యలో ఒకసారి, స్టేట్‌మెంట్‌కి రెండు రోజుల ముందు ఒకసారి కట్టేయ్. వంద డాలర్ల లోపల చూపించు చాలు. ఆటోపే పెట్టావా?

ఇర్వింగ్ కొత్తవాడు:
పెట్టానక్కా, రెండో గుండ్రమే. బెండకాయల టెస్ట్ కూడా చేశాను, గ్రోసరీ అనే చూపించింది. ఇంకోటి, అట్లాంటా అన్న కథ చదివి మా ఆవిడ వెళ్లి వంటగది చూసింది. పొయ్యి పక్కన మేం రాకముందు నుంచే చిన్న మరక ఉంది. తేదీ కనపడేలా ఫోటో తీసి లీజింగ్ ఆఫీసుకి మెయిల్ చేశాం.

అట్లాంటా నుంచి:
డబ్బా ఫోటో పంపలేదు కదా?