పదో తరగతిలో ‘ది డియర్ డిపార్టెడ్’ ఏకాంకిక: పిల్లలు నవ్వడం లేదు, ఎలా చెప్పాలి?

ప్రశ్న (ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, దేవరకొండ దగ్గర)

అందరికీ నమస్కారం. పదో తరగతి ఇంగ్లీషు రెండో యూనిట్‌లో ఉన్న స్టాన్లీ హౌటన్ ఏకాంకికను నాలుగు పీరియడ్లుగా చెబుతున్నాను. ప్రతి డైలాగూ చదివి, తెలుగులో అర్థం చెప్పి, కఠిన పదాలు బోర్డు మీద రాశాను. తాత చనిపోయాడనుకొని కూతుళ్లిద్దరూ పంపకాలు మాట్లాడుకుంటుండగా ఆయన మేడ దిగి వచ్చే చోట కూడా ఒక్కరూ నవ్వలేదు. పైగా మా తరగతిలో ఒక అమ్మాయి వాళ్ల తాత పోయి నెల కూడా కాలేదు. పాఠం జరిగినంతసేపూ ఆ పిల్ల తల వంచుకొనే కూర్చుంది. ఈ పాఠాన్ని ఎలా చెబితే బాగుంటుంది?

జవాబు 1 (నకిరేకల్)

మేడమ్, 1908 నాటి ఈ ఏకాంకికలో హాస్యం మాటల్లో కన్నా సామాన్లలో ఎక్కువగా ఉంది. తాత గదిలోని సొరుగుల బల్లను తోబుట్టువు ఎలిజబెత్ రాకముందే కిందికి దించుకోవాలని కూతుళ్లలో ఒకరైన మిసెస్ స్లేటర్ వీధి తలుపు గడియ వేయించడం, అంతలోనే బయట తలుపు చప్పుడు కావడం అర్థం చెబితే కనిపించేవి కావు. నేను స్టాఫ్‌రూమ్ బల్లనే ఇద్దరు అబ్బాయిలతో మోయించాను. దాని కాలు గుమ్మానికి తగులుకొని ఇద్దరూ కదలలేక నిలబడిపోయిన సమయంలో, బయట ఉన్న పిల్లలు తలుపు బాదారు. తరగతి మొత్తం నవ్వింది. పుస్తకం ఆ తరువాతే తెరిపించాను. చెప్పుల జత కూడా తప్పక తెప్పించండి. తాత కొత్త చెప్పులు అల్లుడు హెన్రీ కాళ్లకు ఉన్నాయి కదా, తాత వేషం వేసిన పిల్లవాడిని ఏమీ మాట్లాడకుండా ఆ కాళ్ల వైపు కాసేపు చూడమనండి.

జవాబు 2 (మహబూబ్‌నగర్, విశ్రాంత తెలుగు పండితుడు)

అమ్మా, ముందుగా ఆ బిడ్డ సంగతి. తరగతిలో అందరి ముందు కాకుండా విడిగా పిలిచి, ఈ కథలో తాత చనిపోలేదనీ, రచయిత ఎగతాళి చేసింది చావును కాదు, బతికున్న వాళ్ల తొందరనే అనీ చెప్పండి. వేషం వేస్తుందో, తెర వెనుక నుంచి డైలాగులు అందిస్తుందో, ఊరికే చూస్తుందో తననే నిర్ణయించుకోనివ్వండి. ఆ రోజుకు ఏమీ చేయనన్నా ఒప్పుకోండి.

ఇక పాఠంలో పేపరుకు ఇవ్వవలసిన సంతాప ప్రకటన గురించి రెండు కుటుంబాలూ చర్చించే చోటు ఉంది. మన బస్టాండుల దగ్గర కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు పిల్లలు రోజూ చూస్తున్నవే కాబట్టి, స్లేటర్ల ఇంటి తరఫున అటువంటి ఫ్లెక్సీకి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాయించి, ఆ కుటుంబం ఆ మధ్యాహ్నం నిజంగా చేసిన పనులను పక్కనే రాయించండి. ఆ రెంటి మధ్య తేడా ఏమిటో పిల్లలే చెప్పగలుగుతారు.

జవాబు 3 (మిర్యాలగూడ)

పై ఇద్దరి మాటా సరైనదే, కానీ మొత్తం మన యాసలోకి మార్చి ఆడించవద్దని నా మనవి, ఎందుకంటే పరీక్షలో రాయవలసింది ఇంగ్లీషులోనే. ముఖ్యమైన పది పన్నెండు డైలాగులను ఉన్నవి ఉన్నట్టే పలికించి, మిగతా కథను పిల్లల సొంత మాటల్లో నడిపించండి. చివర్లో తాత ఆబెల్ సోమవారం మూడు పనులు చేస్తానంటాడు: వకీలు దగ్గర వీలునామా మార్చడం, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టడం, చర్చిలో పెళ్లి చేసుకోవడం. మొదటి రెండూ చదివించి పుస్తకాలు మూయించండి. మూడో పని ఏమై ఉంటుందో ఒక్కొక్కరినీ ఇంగ్లీషులో ఒక వాక్యంగా చెప్పమని, అందరూ చెప్పిన తరువాతే పుట తిప్పమనండి.